పెద్దల కోసం బొమ్మల తరగతి: పన్నెండు వారాలు చూశాక

సంక్రాంతి వెళ్లిన వారం మొదలుకొని ఏప్రిల్ రెండో వారం దాకా, వారానికి రెండు రోజుల చొప్పున, మా అత్తగారిని విజయవాడలో ఒక చిత్రకళ తరగతికి తీసుకెళ్లి తీసుకొచ్చాను. అరవై ఏళ్లు దాటినవారి జ్ఞాపకశక్తికి ఊతంగా ఉండేలా బొమ్మలు వేయించడం, రంగులు అద్దించడం, చేతిపనులు చేయించడం ఆ తరగతి ఉద్దేశం. నెలకు 2,400 రూపాయల రుసుము, సామగ్రి పెట్టె పేరుతో మొదట్లోనే మరో 1,850 రూపాయలు తీసుకున్నారు. నిర్వాహకుల పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాల్లో చాలావరకు ఇలాంటి ఏ తరగతిలోనైనా ఎదురు కాగలిగినవే; అక్కడ చూసిన మంచి కూడా ఒక టీచరు చేతి చలవే తప్ప బోర్డు మీది పేరు గొప్పతనం కాదు. ఇంట్లో పెద్దవాళ్లను ఇలాంటిచోట చేర్చాలా వద్దా అని తేల్చుకోలేకుండా ఉన్నవారికి, డబ్బు కట్టే ముందు ఏమేం చూసుకోవాలో తెలుస్తుందని ఇంత వివరంగా రాస్తున్నాను.

అత్తగారికి 76 ఏళ్లు. మొవ్వ దగ్గర పల్లెలో పుట్టి, పెళ్లయ్యాక సత్యనారాయణపురంలో యాభై ఏళ్లకు పైగా కాపురం చేసిన మనిషి. రెండేళ్లుగా చిన్న చిన్న మరుపులు మొదలయ్యాయి. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోవడం, బీపీ మాత్ర వేసుకున్నారో లేదో గుర్తులేక రెండోసారి వేసుకోవడం, పొద్దున అడిగిన మాటే మధ్యాహ్నం మళ్లీ అడగడం ఎక్కువయ్యాయి. నరాల డాక్టరు పరీక్షించి, ఇది డిమెన్షియా, అంటే రోజువారీ పనులు కూడా సొంతంగా చేసుకోలేనంతగా ముదిరే మతిమరుపు జబ్బు, దాకా వెళ్లలేదని, అయితే వయసుతో అందరికీ వచ్చే మరుపు కంటే ఎక్కువని, దీన్ని మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ అంటారని చెప్పారు. బి12 లోపం, థైరాయిడ్ తేడా, మనసు కుంగుబాటు కూడా మరుపును తెచ్చిపెట్టగలవు, వాటికి వైద్యం ఉంది కాబట్టి ముందు ఆ పరీక్షలన్నీ చేయించారు. ఆ తరువాతే బీపీ అదుపులో ఉంచమని, రోజూ నడిపించమని, నలుగురి మధ్య కూర్చుని చేతులతో చేసే పని ఏదైనా చూడమని సలహా ఇచ్చారు. ఈ వరుస తప్పకూడదని నా అభిప్రాయం. తరగతిలో చేర్చుకునేటప్పుడు మాచేత నింపించిన కాగితంలో పుట్టినరోజు, ఇష్టమైన రంగు, ఇష్టమైన పాట అడిగారు కానీ, డాక్టరుకు చూపించారా అని ఒక్క ముక్క అడగలేదు. ఇష్టమైన రంగు చెప్పండంటే అత్తగారు నావైపు తిరిగి, "చీరకా, గోడకా?" అని అడిగారు.

కరపత్రం గురించి ముందుగా చెప్పాలి, ఎందుకంటే మేము వెళ్లింది దాన్ని చూసే. చిత్రకళతో మతిమరుపు ముప్పు 73 శాతం తగ్గుతుందని అందులో పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. ఈ అంకె కల్పించినదేమీ కాదు. అమెరికాలోని మాయో క్లినిక్ పరిశోధకులు 2015లో న్యూరాలజీ అనే వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనంలోనిది. 85 ఏళ్లు, ఆపైన వయసుండి అప్పటికి జ్ఞాపకశక్తి బాగానే ఉన్న 256 మందిని వారు సుమారు నాలుగేళ్ల పాటు గమనించారు. వారిలో 121 మందికి మా అత్తగారికి ఉన్నటువంటి మరుపు మొదలైంది. నడివయసులోనూ, ముసలితనంలోనూ విడవకుండా బొమ్మలు గీయడం, రంగులు వేయడం, శిల్పాలు మలచడం వంటివి చేస్తూ వచ్చినవారిలో ఆ ముప్పు 73 శాతం తక్కువగా కనిపించింది. కుట్టుపని, కుండల పని వంటి చేతిపనులు చేస్తూ వచ్చినవారిలో 45 శాతం, నలుగురితో కలిసి మెలిసి ఉన్నవారిలో 55 శాతం తక్కువగా ఉంది. కరపత్రంలో అచ్చుకాని సంగతి ఏమిటంటే, ఇదంతా దశాబ్దాల అలవాటు గురించిన లెక్క. పైగా అలవాటు ఉన్నవారికి ముప్పు తక్కువగా ఉందని చెప్పడం ఒకటి, అలవాటు చేయించినందువల్లే తగ్గిందని చెప్పడం మరొకటి. అప్పటికే మరుపు మొదలైన 76 ఏళ్ల మనిషికి పన్నెండు వారాలు రంగులు వేయిస్తే ఏమవుతుందో ఆ అధ్యయనం చెప్పలేదు, చెప్పడానికి ప్రయత్నించనూ లేదు. మా తరగతికి దగ్గరగా ఉన్న అధ్యయనం 2014లో జర్మనీ పరిశోధకులు ప్రచురించినది. ఉద్యోగ విరమణ చేసిన 28 మందిలో కొందరిచేత పది వారాలు బొమ్మలు వేయించారు, మిగిలినవారిని మ్యూజియంలోని చిత్రాలు చూపించి వాటి గురించి మాట్లాడించారు. స్కానింగ్ చేసి చూస్తే, స్వయంగా వేసినవారి మెదడులో కొన్ని భాగాల మధ్య అనుసంధానం మెరుగుపడినట్టు కనిపించింది. 28 మంది అంటే మా వీధిలో ఒక అపార్టుమెంటు జనాభా కూడా కాదు. అయినా చూడటం కంటే చేయడంలో ఏదో ఉందన్న సూచన అందులో ఉంది. నేను డబ్బు కట్టింది ఆ సూచనను నమ్మి, 73 శాతాన్ని నమ్మి కాదు.

ఇక చోటు సంగతి. మొదటి అంతస్తు, లిఫ్టు లేదు, మెట్లు ఇరవై రెండు. పట్టుకోవడానికి కమ్మీ ఒకవైపే ఉంది, అది కూడా మలుపు దగ్గర ఆగిపోయింది. మోకాళ్లు అరిగినవారి కోసం పెట్టిన తరగతికి ఇలాంటి భవనాన్ని ఎలా ఎంచుకున్నారో నాకు అర్థం కాలేదు. హాలు విశాలమే, వెలుతురు బాగానే వస్తుంది, కుర్చీలకు చేతులున్నాయి, మరుగుదొడ్డి హాలు పక్కనే ఉంది. అయితే కిటికీలు రోడ్డువైపు తెరుచుకుంటాయి. ఆటోల హారన్లు, నాలుగు సీలింగ్ ఫ్యాన్ల రొద, దానికి తోడు వెనక నుంచి వీణ పాటలు. మనసుకు హాయిగా ఉంటుందని పెట్టిన ఆ పాటల వల్ల చెవి మందగించిన నలుగురైదుగురికి టీచరు మాట అసలు వినపడలేదు. వినపడక ఊరుకున్నవారిని చూసి, గుర్తులేక ఊరుకున్నారని సహాయకురాలు అనుకోవడం నేను కళ్లారా చూశాను. డిమెన్షియా గురించి లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక, మనం సరిదిద్దుకోగల ముప్పు కారణాలుగా పద్నాలుగింటిని గుర్తించి, వాటన్నిటినీ అరికట్టగలిగితే సుమారు 45 శాతం కేసులను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని అంచనా వేసింది. వినికిడి లోపం, వైద్యం చేయించని చూపు లోపం ఆ పద్నాలుగింటిలో ఉన్నాయి. కాబట్టి బొమ్మల తరగతికి పంపే ముందు చెవులు, కళ్లు చూపించడం తరగతి రుసుము కంటే ముందు పెట్టవలసిన ఖర్చు. పాటలు ఆపించడానికి మాకు రెండు వారాలు పట్టింది.

కళ్ల సంగతి మాకు ఆ హాలులోనే బయటపడింది. రెండో రోజున ముదురు నీలం క్రేయాన్ తీసి ఇవ్వమంటే అత్తగారు నలుపు తీసి ఇచ్చారు. మళ్లీ అడిగితే మళ్లీ నలుపే. రంగుల పేర్లు కూడా మరిచిపోతున్నారేమోనని నా గుండె జారింది. ఇంటికి వచ్చి నీలం రవిక, నల్ల రవిక పక్కపక్కన పెట్టి చూపిస్తే, "రెండూ నల్లవేగా" అన్నారు. పేరు మరిచిపోలేదు, రంగే కనిపించడం లేదన్నమాట. శుక్లం ముదిరే కొద్దీ కంటి కటకం పసుపు పచ్చగా మారి నీలాన్ని లోపలికి రానివ్వదని కంటి డాక్టరు చెప్పారు. ఫిబ్రవరిలో కుడి కంటికి ఆపరేషన్ చేయించాం. మూడు తరగతులు పోయాయి. ఆ డబ్బు తిరిగి ఇవ్వలేదు కానీ, బదులుగా మరో మూడు రోజులు రానిచ్చారు.

మొదటి మూడు వారాలు మాత్రం వ్యర్థమనే చెప్పాలి. సీతాకోకచిలుక, బెలూన్లు పట్టుకున్న ఎలుగుబంటి, ఐస్‌క్రీం కప్పు గీతబొమ్మలుగా అచ్చువేసిన కాగితాలు పంచి, గీత దాటకుండా రంగు వేయమన్నారు. పూర్తి చేసినవారి కాగితం మీద నక్షత్రం అంటించి, "వెరీ గుడ్ అమ్మమ్మా!" అని చప్పట్లు కొట్టించారు. బ్యాంకుల్లో, బడుల్లో, కోర్టుల్లో ముప్పై నలభై ఏళ్లు పనిచేసి వచ్చిన పెద్దవాళ్లకు నక్షత్రాలు అంటించడం చూస్తుంటే నాకే తల ఎత్తబుద్ధి కాలేదు. అత్తగారు సీతాకోకచిలుక ఒక రెక్కకు రంగు వేసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకున్నారు. ఎందుకని అడిగితే, "మన చిన్నాడికి ఇద్దాం, రెండో రెక్క వాడు వేస్తాడు" అన్నారు. రంగులు నింపడం చెడ్డ పనని నేను అనను; చేతి వణుకు ఉన్నవారికి, గాబరా ఎక్కువగా ఉన్నవారికి అది కాసేపు కుదుట పడేలా చేస్తుంది. కానీ అందులో తీసుకోవలసిన నిర్ణయం, తలుచుకోవలసిన జ్ఞాపకం, వేసుకోవలసిన లెక్క ఏవీ లేవు. జ్ఞాపకశక్తి పేరు చెప్పి డబ్బు తీసుకున్న తరగతిలో అదే మూడు వారాల పని కావడం అన్యాయం. ఆ మాటే నిర్వాహకులతో చెప్పాం. మాతోపాటు మరో రెండు కుటుంబాలవారు కూడా చెప్పారు.

నాలుగో వారంలో కొత్త టీచరు వచ్చారు. ఫైన్ ఆర్ట్స్ చదివిన అమ్మాయి, పాతికేళ్లు ఉంటాయేమో. మొదటి రోజు ఆమె కాగితాలేవీ పంచలేదు. బల్లల మీద నల్లరంగు వేసిన చెక్కపలకలు, కొబ్బరిచిప్పల్లో ముగ్గుపిండి పెట్టి, "మీ వాకిట్లో వేసిన ముగ్గు ఏదైనా ఒకటి నాకు నేర్పించండమ్మా, నాకు స్టిక్కర్లు అంటించడమే తెలుసు" అన్నారు. మగవాళ్లకు సుద్దముక్కలు ఇచ్చి, తాము చదువుకున్న బడి ఆవరణను పటంగా గీయమన్నారు. అత్తగారు పలకను అటూ ఇటూ తిప్పి చూశారు. "పదిహేను నుంచి ఎనిమిదికి సందుచుక్క పెడదామంటే ఇందులో పట్టదు. తొమ్మిది నుంచి అయిదుకు పెడతాను" అన్నారు. అంటే మధ్య వరుసలో తొమ్మిది చుక్కలు, దానికి పైనా కిందా ఒక్కొక్కటే తగ్గించుకుంటూ అయిదు దాకా అన్నమాట. పొద్దున బీపీ మాత్ర వేసుకున్నారో లేదో చెప్పలేకపోయిన మనిషి, పలక కొలత చూసి ముగ్గు లెక్క మార్చుకోవడం చూసి నేను కుర్చీని దగ్గరికి లాక్కున్నాను.

బొటనవేలు, చూపుడువేలు మధ్య చిటికెడు పిండి పట్టి చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు. మధ్య వరుస, పై నాలుగు వరుసలు తడుముకోకుండా వచ్చాయి. కింది రెండో వరుసకు వచ్చేసరికి చుక్కను సందులో కాకుండా పై చుక్కకు సరిగ్గా కింద పెట్టారు. ఇంకొకటి పెట్టి ఆగిపోయారు. నేను చెప్పబోతుంటే టీచరు కళ్లతోనే వద్దన్నారు. అత్తగారు కుడిచేతి ఉంగరపు వేలితో పై నుంచి ఒక్కో వరుసనూ తాకుతూ, పెదవులు కదుపుతూ కిందికి వచ్చారు. తప్పు దగ్గర వేలు ఆగింది. పైట కొంగు కొసతో ఆ రెండు చుక్కలనూ తుడిచి, సందులోకి జరిపి పెట్టారు. ఆ తరువాత మెలికలు మొదలయ్యాయి. గీత చుక్కను చుట్టి, పక్క చుక్క వెనకగా వెళ్లి, ఎక్కడా తెగకుండా బయల్దేరినచోటికే వచ్చి కలిసింది. ఇరవై నిమిషాలు పట్టింది. పిండి చేతిని విదిలించుకుంటూ, ధనుర్మాసంలో వాళ్లమ్మ ఇదే వేసేవారని, గొబ్బెమ్మను సరిగ్గా మధ్య చుక్క మీద పెట్టేవారని, దాని మీద బంతిపువ్వు కాదు, గుమ్మడిపువ్వే ఉండాలని చెప్పారు. గుమ్మడిపాదు ఎవరి దొడ్డిలో ఉండేదో, ఆ ఇంటివాళ్లు పువ్వులు కోయనివ్వక ఎలా తిట్టేవారో కూడా చెప్పుకొచ్చారు. మా పెళ్లయి ఇరవై ఏడేళ్లయింది. ఈ గుమ్మడిపాదు సంగతి నేను అంతకుముందు వినలేదు. అదే రోజు ఇంటికి వస్తూ ఆటోలో టీచరు పేరు రెండుసార్లు అడిగారు, అది కూడా ఇక్కడ రాయాలి.

ఈ రెండూ ఒకే మనిషిలో, ఒకే సాయంత్రం ఎలా జరుగుతాయన్నదే ఇలాంటి తరగతి పట్టుకోవలసిన కిటుకు. ఇవాళ జరిగినదాన్ని, ఇవాళ విన్న పేరును దాచిపెట్టే పనిలో హిప్పోకాంపస్ అనే మెదడు భాగానిది పెద్ద పాత్ర. అల్జీమర్స్ వంటి జబ్బుల్లో తొలినాళ్లలోనే దెబ్బతినేది అదీ, దాని చుట్టుపక్కల భాగాలూ. ఏళ్ల తరబడి చేతులకు అలవాటైన పని చాలావరకు వేరే దారుల్లో, చిన్నమెదడు వంటి భాగాల్లో నిలిచి ఉంటుంది కాబట్టి అది ఎక్కువ కాలం నిలుస్తుంది. ముగ్గు వేసే చేయి, పూలు కట్టే చేయి, మృదంగం వాయించిన చేయి పేర్లు మరిచిన తరువాత కూడా పని మరవకపోవడం అందుకే. మంచి టీచరు ఆ చేతి దగ్గర మొదలుపెట్టి, దానికి ఒక చిన్న కొత్త లెక్కను జోడిస్తారు. మా టీచరు తరువాతి వారం అదే ముగ్గును కాగితం మీద గళ్లు గీసి, రంగు పెన్నులతో సగం పరిమాణంలో వేయించారు. ఆ తరువాత గుమ్మడిపాదును, దొడ్డి గోడను, తిట్టే ఇంటావిడను కూడా వేయించారు. ఆ ఇంటావిడ ముక్కు పుల్లాకుతో సహా వచ్చింది.

కొండపల్లి బొమ్మల కోసం కేటాయించిన రెండు వారాలు కూడా డబ్బుకు తగినవే. ఊరి పక్కనే ఉన్న కొండపల్లి నుంచి రంగు వేయని బొమ్మలు తెప్పించారు. తెల్ల పొణికి చెక్క ఎంత తేలికో చేతిలోకి తీసుకుంటే తప్ప తెలియదు. ఎద్దుబండి మొత్తం అరచేతిలో ఉన్నా బరువు తెలియలేదు. భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో వాటిని అతికించే తీరును టీచరు రెండు విరిగిన బొమ్మలు చూపించి చెప్పారు. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన అప్పటిదాకా తరగతిలో నోరు విప్పింది లేదు. ఆయనకు ఎద్దు బొమ్మ ఇచ్చి, పక్కన తెల్లరంగు పెట్టారు. ఆయన దాన్ని తెల్లగా చేయడానికి ఒప్పుకోలేదు. "ఒంగోలు గిత్త అండీ ఇది. మూపురం దగ్గర, మెడ మీద బూడిద రంగు రావాలి" అని, నలుపులో తెలుపు కలిపి, చాలదని ఇంకాస్త నలుపు కలిపి, మూడోసారికి సంతృప్తి పడ్డారు. ఆ రోజు నుంచి ఆయన పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగా లేదు. వెనకటి రోజుల్లో అక్కడి కళాకారులు వాడిన ఆకుపసరు రంగుల మాట అలా ఉంచితే, మొదటి రోజు ఇక్కడ ఇచ్చింది ఎనామిల్ పెయింటు. మూసిన గదిలో ఆ వాసనకు ముగ్గురికి తలనొప్పి వచ్చింది. మరునాటి తరగతికి నీళ్లతో కలిపే రంగులు తెచ్చారు, చెప్పగానే మార్చినందుకు మెచ్చుకోవాలి.

అక్కడే జరిగిన మరో సంగతి ఇలాంటి తరగతులు నడిపేవారందరికీ తెలియాలి. కుంచెలు కడిగే నీళ్లను, తాగే నీళ్లను ఒకేరకం స్టీలు గ్లాసుల్లో పెట్టారు. మరుపు బాగా ముదిరిన ఒకావిడ కుంచె నీళ్ల గ్లాసు ఎత్తి పెదవుల దాకా తీసుకెళ్లారు. పక్కనున్న నేను చేయి అడ్డుపెట్టకపోతే తాగేసేవారే. అప్పటి నుంచి కుంచెలకు ఎర్రరంగు ప్లాస్టిక్ మగ్గులు పెట్టారు, తాగే నీళ్లను బల్లల మీద నుంచి తీసేశారు. చేర్చే ముందు ఈ ఒక్క విషయం మీ కళ్లతో చూసుకోండి.

మచిలీపట్నం తరహా అద్దకం మాత్రం మాకు నప్పలేదు. అసలు పద్ధతిలో బట్టను కరక్కాయ నీళ్లలో ముంచడం దగ్గర మొదలై ఉతుకు, ఆరబెట్టు, అద్దు, ఉడికించు అంటూ చాలా మెట్లుంటాయి. ఇక్కడ రెడీమేడ్ రంగుతో చేతిరుమాలు మీద అచ్చులు కొట్టించారు. దిమ్మె బరువు, రంగు ఎక్కువైతే అలుక్కుపోవడం, వరుస తప్పితే సరిదిద్దే వీలు లేకపోవడం, వీటన్నిటితో చాలామంది చిన్నబుచ్చుకున్నారు. తుడిచి మళ్లీ పెట్టుకోగల ముగ్గుకూ, ఒకసారి పడితే పోని అచ్చుకూ తేడా ఈ వయసులో చాలా పెద్దది. ఒకరోజు బందరు రోడ్డులోని బాపు మ్యూజియానికి కూడా తీసుకెళ్లారు. 1921లో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించిన విక్టోరియా జూబిలీ భవనం అక్కడిదే. న్యూయార్కులోని మోమా అనే కళా మ్యూజియం డిమెన్షియా ఉన్నవారి కోసం 2006 నుంచి నడిపిన ప్రత్యేక సందర్శనల్లో, నాలుగైదు చిత్రాల ముందే కూర్చోబెట్టి మాట్లాడించేవారని టీచరు చెప్పారు. మా వాళ్లు మాత్రం గంటలో మ్యూజియం మొత్తం తిప్పేశారు. కాళ్లు నొప్పులు పుట్టాయి, ఏదీ మనసులో నిలవలేదు.

చివరి వారం జ్ఞాపకశక్తి ఎంత పెరిగిందో చూపించే ధ్రువపత్రం ఇచ్చారు. మొదటి వారం పది మాటలు చదివి, కాసేపటి తరువాత గుర్తున్నన్ని చెప్పమన్నారు. అప్పుడు అత్తగారు నాలుగు చెప్పారు. చివరి వారం ఏడు చెప్పారు. 75 శాతం అభివృద్ధి అని బంగారు రంగు అంచున్న కాగితం మీద రాసి, ఫొటో తీయించారు. ఆటో ఎక్కాక అత్తగారు నా చెవి దగ్గరికి వంగి, "ఆ మాటలు పోయినసారివే అమ్మాయ్. గొడుగు ముందు, తరువాత ఏనుగు. వాళ్లు మార్చడం మరిచిపోయినట్టున్నారు" అన్నారు. ఒకే పరీక్షను రెండోసారి రాస్తే మార్కులు పెరగడం ఏ వయసులోనైనా మామూలే. అందుకే డాక్టర్లు మళ్లీ పరీక్షించేటప్పుడు వీలైతే వేరే మాటల పట్టిక వాడతారు. ఆ కాగితాన్ని ఎవరూ వైద్య నివేదికగా తీసుకోకూడదు. మా డాక్టరు చేసిన పరీక్షలో మాత్రం ఫలితం డిసెంబరులో ఎలా ఉందో ఏప్రిల్‌లోనూ అలాగే ఉంది. తగ్గలేదు కదా అని ఆయన సంతోషించారు, మేమూ సంతోషించాం. అది తరగతి వల్లనా, శుక్లం తీయించడం వల్లనా, రోజూ నడవడం వల్లనా అని విడదీసి చెప్పడం మా తరం కాదు.

1,850 రూపాయల పెట్టెలో ఉన్నవి ఇవి: ఇరవై నాలుగు క్రేయాన్ల డబ్బా, పన్నెండు స్కెచ్‌పెన్నులు, మూడు సన్నని కుంచెలు, నీటిరంగుల బిళ్లలు, నలభై గీతబొమ్మల పుస్తకం, ఒక ఏప్రన్. ఇవే రకాలు నేను వన్‌టౌన్‌లో ఏడు వందల లోపే కొనుక్కొచ్చి చూసుకున్నాను. ధర కంటే ఎంపికే నాకు ఎక్కువ తప్పుగా తోచింది. సన్నని కుంచెలు కీళ్లవాతం ఉన్న వేళ్లకు పట్టు చిక్కవు. కాడకు పాత బట్ట చుట్టి రబ్బరుబ్యాండు వేసి లావు చేస్తే తప్ప అత్తగారు పట్టుకోలేకపోయారు. లేత రంగు క్రేయాన్లు తెల్లకాగితం మీద ఈ కళ్లకు కనపడవు. లావుపాటి ఆయిల్ పేస్టల్స్, ముదురు రంగు చార్టు కాగితాలు, ఒక పలక, ముగ్గుపిండి ఉంటే చాలు.

ఇంట్లో మేము కొనసాగిస్తున్నది ఒకే ఒక్క పని, అదీ టీచరు చెప్పినదే. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016 నుంచి చేసిన ప్రయోగాల్లో, ఒక మాటను రాసుకున్నప్పటి కంటే దాన్ని చిన్న బొమ్మగా గీసుకున్నప్పుడు ఎక్కువగా గుర్తుంటుందని తేలింది. బొమ్మ బాగా రాకపోయినా ఫలితం ఉంటుందని, ఆ మేలు పెద్ద వయసువారిలోనూ కనిపించిందని వారు చూపించారు. అందుకని కూరల చీటీ రాయడం మానేసి అత్తగారిచేత గీయిస్తున్నాం. మొదటి వారం రైతుబజారుకు వెళ్లేసరికి చీటీలో రెండు బొమ్మలు ఒకేలా ఉన్నాయి, రెండూ వేలెడు పొడవు, రెండూ ఆకుపచ్చ. ఒకటి దొండకాయ, ఒకటి బెండకాయ. ఏది ఎంత తేవాలో తెలియక ఫోన్ చేశాను. మరుసటి వారం దొండకాయకు నిలువు చారలు, బెండకాయకు తొడిమ, కొసన ముక్కు వచ్చాయి. ఇప్పుడు చీటీ ఇంట్లో మరిచిపోయి వెళ్లినా ఆరింటిలో నాలుగు ఆవిడే చెబుతున్నారు. మాత్రల డబ్బా మీద కూడా పొద్దునకు సూర్యుణ్ణి, రాత్రికి చంద్రవంకను గీసి అంటించారు. మాత్ర రెండుసార్లు వేసుకోవడం పూర్తిగా ఆగలేదు కానీ, బాగా తగ్గింది.

ఎవరిని పంపవచ్చు అని అడిగితే, మరుపు ఇప్పుడిప్పుడే మొదలై, గంటసేపు కూర్చోగలిగి, మెట్లు ఎక్కగలిగినవారికి ఈ తరగతి పనికొస్తుంది. వితంతువులై, పిల్లలు ఊళ్లో లేక, రోజంతా టీవీ ముందు గడిపేవారికి బొమ్మల కంటే పక్క కుర్చీలోని మనిషే ఎక్కువ మేలు చేయడం నేను చూశాను. మరుపు ముదిరినవారిని ఇంటి మనిషి తోడు లేకుండా వదిలి రాకండి. చేరే ముందు ఒకరోజు ఊరికే కూర్చుని చూడనివ్వమని అడగండి. టీచరు ఎవరో, ఆమె ఎన్నాళ్లు ఉంటారో అడగండి. తప్పు పట్టినప్పుడు పెద్దవాళ్లతో ఎలా మాట్లాడుతున్నారో వినండి. మే నెల ఎండలకు సాయంత్రం నాలుగు గంటల తరగతిని పొద్దున ఎనిమిదింటికి మార్చమని మేము అడిగాం, మార్చారు. కమ్మీని మాత్రం ఇంకా పొడిగించలేదు.

రెండో విడతకు రుసుము కట్టాం. పెట్టె వద్దన్నాం. ధ్రువపత్రం కూడా వద్దని నేను చెబుతుంటే అత్తగారు అడ్డుపడ్డారు, "ఇవ్వనీ, ఈసారైనా మాటలు మారుస్తారేమో చూద్దాం" అన్నారు.